పుష్పకము కాని విమానము



పుష్పక విమానమును గూర్చి మన యిండ్లలో పెద్దలు చెప్పు మాట మీరందరును వినియే యుందురు. అందు ఎందరెక్కినను ఇంకొకరికి చోటు మిగిలియుండునట. ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగును సంస్కృతమును చెప్పిన నాకు ఆ మాట ఎంతగా అలవడినదనగా, ఆకాశమున ఎగురునది యేదైనను అట్లే యుండవలెనని మనస్సు లోలోపల నమ్ముచు వచ్చినది. ఆ నమ్మకము ఒకనాడు నాచేత ఒక తప్పు మాట పలికించినది. నేటి నా ప్రసంగము ఆ తప్పునుండి పుట్టినది.

2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో విజయవాడలో బుడమేరు పొంగి సింగునగరు మొదలగు పేటలను ముంచినది. మా వీధిలో నీరు నడుములోతు దాటగానే మేము సామానులను విడిచి మేడపైకి చేరితిమి. ప్రక్కయింటి బాలుడొకడు, ఎనిమిదవ తరగతి చదువువాడు, తన నాయనమ్మతో గూడ మా మేడమీదికే వచ్చెను. రెండవనాడు పగటిపూట హెలికాప్టరు వచ్చినది. మా కన్నుల యెదుటనే నాలుగిండ్ల కావలి మేడమీద పొట్లములు కొన్ని విడిచినది. నిండ నిమిషమైనను నిలిచినదో లేదో, ముక్కు వంచి తూర్పుగా పోయినది.

"తాతగారూ, ఇంకాస్తసేపు ఆగితే మనకీ ఇచ్చేవాళ్ళు కదా! మా నాయనమ్మని ఎక్కించుకుపోతే ఏం పోయింది?" అని బాలుడడిగెను.

నాకు ఆకలియు విసుగును కలిసియుండెను. "వాళ్ళ ప్రాణం వాళ్ళకి తీపి నాయనా" అంటిని. బాలుడు మఱి మాటాడలేదు. ఆ ముసలమ్మ మాత్రము నావంక ఒకసారి చూచెను.

కొన్ని మాసములు గడచిన పిమ్మట నా పూర్వశిష్యుడొకడు నన్ను చూడవచ్చెను. సైన్యమున హెలికాప్టర్ల యంత్రములను బాగుచేయు పనిలో చాలకాల ముండి విశ్రాంతి పొందినవాడు. మాటలలో ఈ సంగతి చెప్పితిని. వాడు చేతిలోని కాఫీ గ్లాసును క్రింద పెట్టి, "మాస్టారూ, ఆ మాట మాత్రం తప్పండి" అనెను. శిష్యుడు గురువును తప్పని చెప్పునప్పుడు గురువు వినుట యుక్తము. ఆ సాయంకాలమంతయు వింటిని. తరువాత పుస్తకములు తెప్పించి చదివితిని. అందు తెలిసినదానిని నాకు తెలిసిన మాటలలో మీకు నివేదించెదను.

మొదట నీటిని గూర్చి చెప్పవలెను. కాలువలో ఈదినవారికి తెలియును, ముందునకు సాగు ఈత సుకరము. ఉన్నచోటనే తలను పైకి నిలిపి కాళ్లుచేతులాడించు నిలువీత కష్టము. సాగువాడు క్షణక్షణము క్రొత్తనీటిని ఆనుకొనును. నిలిచినవాడు తాను క్రిందికి త్రోసిన నీటినే మఱల ఆనవలెను. అది అప్పటికే జారిపోవుచుండును. గాలియందును ఇంతే. గ్రద్ద రెక్క కదపకుండ గడియల కొలది తిరుగును. చేపకొఱకు కాలువమీద ఒక్కచోట నిలిచిన లకుముకిపిట్టను చూడుడు. రెక్కలాడుట కంటికి ఆనదు, కొంతసేపటికి అలసి కొమ్మమీద వ్రాలును. నెత్తిమీద తిరుగు రెక్కలతో గాలిని క్రిందికి త్రోసి, ఆ త్రోపునకు ఎదురుత్రోపుగా పైకి లేచు హెలికాప్టరు, ముందునకు మితమైన వేగముతో పోవునప్పుడు గ్రద్దకు కొంత చుట్టము. ఒకచోట నిలిచినప్పుడు లకుముకిపిట్ట. చూచువారికి నిలిచియుండుట విశ్రాంతివలె తోచును. యంత్రమునకు అదియే అన్నిటికంటె పెద్ద బరువు.

నేలకు దగ్గరగా నున్నపుడు మాత్రము కొంత వెసులుబాటు కలదు. క్రిందికి త్రోయబడిన గాలి నేలను తాకి, పరుపువలె యంత్రమును కొంత ఆదుకొనును. ఇండ్ల నడుమను, చెట్ల కొనలమీదను ఆ ఆదరువు దొరకదు.

గాలికి చిక్కదనము పలుచదనము కలవని మనము తలపము. ఎండకు గాలి పలుచబడును. ఎత్తు పెరిగిన పలుచబడును. తడిసినను పలుచబడును. ఈ మూడవది నాకు వింతగా తోచినది. తడిసిన బట్ట బరువెక్కుచుండగా తడిసిన గాలి తేలికపడుట యేమి? కారణము చెప్పిన పిమ్మట సులభముగనే యున్నది: నీటియావిరి తక్కిన గాలికంటె తేలికైనది, అది ఎంత చేరునో అంత మేరకు బరువైన గాలి ప్రక్కకు తొలగవలెను. గాలి పలుచనైనచో రెక్కలకు పట్టు తగ్గును. ఇంజనుకును పీల్చుకొను ఊపిరి తగ్గును. అనగా ఎక్కువ శక్తి కావలసిన వేళనే శక్తి సన్నగిల్లును. ఒక ఉదయమున నలుగురిని మోసిన యంత్రము మిట్టమధ్యాహ్నము ముగ్గురినే మోయగలుగుటకు ఇదియే హేతువు.

నడపుట మాట యొకటి చెప్పి యిది ముగించెదను. ఎడమచేతి మీట ఎత్తినచో రెక్కలన్నియు ఒక్కమారుగా వాలు మార్చుకొని యంత్రమును పైకి లాగును. కుడిచేతి కఱ్ఱ ఆ రెక్కల చక్రమును ఏ దిక్కునకు వంచిన ఆ దిక్కునకు పోవును. నెత్తిమీద రెక్కలొక వైపు తిరుగగా క్రింది శరీరము రెండవవైపునకు తిరుగజూచును. దానిని తోకచివరి చిన్న రెక్కలతో ఆపుటకు రెండు పాదములును పనిచేయవలెను. వీనిలో ఏ యొకటి కదలినను తక్కినవానిని సరిచేయవలెను. తొలినాటి యంత్రములలో ఇంజను వేగమును తనంతట సరిచేయు ఏర్పాటు లేకపోవుటచే, మీటపిడినే మోటారుసైకిలు పిడివలె త్రిప్పుచు ఆ పనియు ఎడమచేతితోనే చేసెడివారు. తాళమును చేతితోను, రాగమును గొంతుతోను, శ్రుతిని చెవితోను ఒక్కమారే చూచుకొను గాయకుని నేను తలచుకొంటిని. ఈ పోలిక కేవలము నా పాండిత్యపు అలవాటు కాదని ముందు మీకు తెలియును.

ఇక నన్ను బర్మాదేశమునకు రానిండు. మన కళింగాంధ్రమున బర్మాను, రంగూనును కలిపి "రంగం" అనెడివారు. రంగం పోయి సంపాదించినవారు లేని ఊళ్లు ఆ తీరమున అరుదు. 1942లో జపానుసేనలు బర్మాను ఆక్రమించినప్పుడు వేలకొలది తెలుగువారు తక్కిన భారతీయులతోపాటు కొండలును అడవులును నడచి అస్సాము, మణిపురముల వైపునకు వచ్చిరి. మా పెదతాత అట్లు వచ్చినవారిలో ఒకడు. నా చిన్నతనమున ఆయన ఆ దారిని గూర్చి చెప్పినది కొంచెమే. "అక్కడ పగలు కూడా ఆకాశం కనపడదు రా" అనెడివాడు. ఆకాశము కనబడని చోటికి ఆకాశమునుండి దిగుట యెట్లో ఇప్పుడు చెప్పబోవుచున్నాను.

ఆ అడవులలోనికి 1943లో ఆర్డ్ విన్గేట్ అను ఆంగ్ల సేనాని తన దళములను నడిపించుకొని పోయెను. పగోడాల వాకిళ్లయందు కావలియుండు సింహమువంటి ప్రతిమను బర్మావారు చింతే యందురు. ఆ పేరునుండియే ఆ దళములకు చిండిట్లు అను పేరు వచ్చినది. ఆ మొదటి దండయాత్రలో నడువలేని క్షతగాత్రులను దారిలోనే విడిచిపోవలసి వచ్చెను. మోసికొని పోయినచో దళమంతయు చిక్కుబడును. విడిచినచో ఆ మనుష్యుని గతి యేమగునో విడిచినవారికి తెలియును, విడువబడినవానికిని తెలియును. ఆ మాట ప్రతి భటుని గుండెలోను ముల్లువలె నుండెను.

1944 మార్చి 5వ తేదీ రాత్రి మొదలైన రెండవ యాత్రకు అమెరికావారి విమానదళ మొకటి తోడుపడెను. దానికి మొదటి ఎయిర్ కమాండో దళమని పేరు. అస్సాములోని లాలాఘాట్ దాని స్థావరములలో నొకటి. చిన్నవిమానములు అడవినడుమ చదునుచేసిన నేలలపై దిగి, గాయపడినవారిని కొనివచ్చుచుండెను. విన్గేట్ ఆ మాసము 24వ తేదీననే విమానప్రమాదమున మరణించినను పని సాగుచునే యుండెను. ఈ దళమున హెలికాప్టర్లు కొన్ని యుండెను. సికోర్‌స్కీ అను కీవు నగరపు పుట్టువుగల శిల్పి అమెరికాలో కట్టిన ఆర్-4 జాతి యంత్రములవి. ఆ జాతిలో మొదటిది గాలిలోనికి లేచినది 1942 జనవరిలో. అనగా ఈ కథాకాలమునకు దాని వయస్సు రెండేండ్లు దాటి మూడుమాసములు. ఉక్కు బద్దకు కొయ్య ఎముకలు కట్టి గుడ్డ కప్పిన రెక్కలు; ఆ చివరనుండి ఈ చివరకు 38 అడుగుల నిడివి. ఇంజను శక్తి 180 అశ్వములు. నేడు మన రోడ్లమీద పోవు పెద్ద బస్సులలో పెక్కింటికి ఇంచుమించు అంత శక్తి యుండును. పీఠములు రెండే: నడపువాని కొకటి, వేఱొకని కొకటి.

దానిని నడిపినవాడు సెకండు లెఫ్టినెంటు కార్టర్ హార్మన్. యువకుడు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున సంగీతము చదివినవాడు. యుద్ధమున చేరి, సికోర్‌స్కీ కర్మాగారమున ఈ క్రొత్త యంత్రమును నడుపుట నేర్చిన మొదటివారిలో ఒకడైనాడు. సంగీతము చదివిన చేతికి ఈ యంత్రమును అప్పగించుట యాదృచ్ఛికమే యైనను నాకు సంతోషము కలిగించినది.

1944 ఏప్రిలు 21వ తేదీన మర్ఫీ అను ముద్దుపేరుగల హ్లడోవ్‌చాక్ అను వైమానికుడు (ఈ యింటిపేరు పలుకుటకు నాకు రెండుదినముల అభ్యాసము పట్టినది) ముగ్గురు బ్రిటిషు క్షతగాత్రులను చిన్నవిమానమున ఎక్కించుకొని వచ్చుచు శత్రువులున్న ప్రాంతమున కూలిపోయెను. నలుగురును బ్రదికిరి. విమానము పనికిరాకపోయెను. జపానుభటులు విమానము కడకు వచ్చుట తప్పదని ఎఱిగి వారు నలుగురును అడవిలోనికి ప్రాకిరి. వెదకవచ్చిన విమానము వారిని కనుగొని, గుట్టపైకి పొండని చీటి విడిచెను. కనుగొనుట యొకటి, కొనివచ్చుట యొకటి. అచ్చట ఏ విమానమును దిగుటకు చోటు లేదు. కొంతదూరమున ఏటిలో ఇసుకదిబ్బ యొకటి కలదు. చిన్నవిమానము అచ్చట దిగగలదు. గుట్టనుండి దిబ్బవఱకు గాయపడినవారు నడువలేరు. ఆ మధ్యదూరమే సమస్తమును.

హార్మనునకు పిలుపు వచ్చెను. లాలాఘాట్ నుండి పలుచోట్ల దిగి ఇంధనము నింపుకొనుచు, ఆ చిన్ని ఇంజనుతో కొండలు దాటి, ఉత్తరబర్మాలోని తారో చేరెను. అచ్చట అదనముగా ఇంధనపు తొట్టి యొకటి కట్టుకొని, శత్రువుల వెనుకభాగమున చిండిట్లు కట్టుకొన్న అబర్డీన్ అను స్థావరమునకు 25వ తేదీన వచ్చెను. కూలిన నలుగురికి అది అయిదవ దినము.

ఇప్పుడు నేను మొదట చెప్పిన మూడు పలుచదనములను జ్ఞాపకమునకు తెచ్చుకొనుడు. ఏప్రిలు మాసపు ఎండ; కొండనేల ఎత్తు; అడవి తేమ. మూడును ఒక్కచోట చేరినవి. పైగా చెట్ల నడుమ చిన్న ఖాళీలో నిలువుగా దిగవలెను, నిలువుగా లేవవలెను. పరుగెత్తి వేగము కూడగట్టుకొనుటకు తావు లేదు. నేలపరుపు ఆదరువు చెట్టుకొనల యెత్తు చేరులోపలనే తీరిపోవును. ఆ పరిస్థితిలో ఆ యంత్రము తన నడపువానిని గాక మోయగలిగినది ఒక్క మనుష్యుని మాత్రమే. ఆ ఒక్కని మోయుటకును ఇంజనును దానికి విధించిన హద్దు దాటి నడుపవలెను. హార్మను ఈ లెక్కను ముందే చూచుకొనెను.

అతడు గుట్టపై దిగెను. గాయపడిన నొకనిని ఎక్కించుకొనెను. ముగ్గురు నేలమీద మిగిలిరి. ఇచ్చట ఒక్కక్షణము నిలువుడు. మిగిలినవారు అయిదుదినములుగా అడవిలో దాగియున్నవారు; ఇద్దరు నెత్తుటి గాయములతో నున్నవారు. తమ యెదుటనే యంత్రము దిగినది, ఒకనితో లేచినది. ఇంకొకనిని ఇఱికించుకొన్న నేమి అని వారిలో నెవడైనను అనుకొనెనేని వానిని తప్పుపట్టజాలను; వరదనాడు నిండుకడుపుతోనే మొన్నటివఱకు నున్న నేనే అనుకొంటిని. ఇంకొకనిని ఇఱికించినచో ఏమగును? యంత్రము నాలుగడుగులు లేచి, చెట్టుకొనలకు చాలక, క్రిందికి వ్రాలును. అప్పుడు గుట్టమీద చిక్కినవారు నలుగురు గాక అయిదుగురగుదురు. రక్షింపదగిన సాధనము మఱి యుండదు.

మొదటివానిని ఇసుకదిబ్బమీద దింపి, అచ్చట వేచియున్న చిన్నవిమానమునకు అప్పగించి, మఱల పోయి రెండవవానిని తెచ్చెను. ఆ తోడనే ఇంజను మితిమీరి వేడెక్కి మొరాయించెను. ప్రొద్దు క్రుంకుచుండెను. గుట్టమీద ఇద్దరు. దిబ్బమీద హార్మను, చల్లబడవలసిన యంత్రము. చుట్టును శత్రువుల నేల. ఆ రాత్రి యతడు ఆ దిబ్బమీదనే యుండిపోయెను.

నేను చదివినదంతటిలో ఈ రాత్రియే నన్ను ఎక్కువ నిలిపినది. పురాణములు చెప్పువారము మేము వీరుని ఊరకుండనీయము. బాణము వేయించెదము, సముద్రము దాటించెదము. చీకటిలో ఇసుకమీద ఒక యంత్రము చల్లబడుటకు ఎదురుచూచుచు కూర్చున్నవానిని వర్ణించు పద్యము మాకు నేర్పలేదు. వేడెక్కిన ఇంజనును చీకటిలో మఱల లేపి చెట్ల నడుమకు పోయినచో చూచువారు సాహసమందురు. గుట్టమీది ఇద్దరికి మాత్రము తెల్లవారి వచ్చువాడు లేకపోవును. ఆ ఇద్దరిని ఒక రాత్రి విడుచుటయే వారిని దక్కించుకొనుటకు మార్గము. విడుచుటయు విడనాడుటయు ఒకటి కావని మన భాషలో వేఱువేఱు పదములుండుట ఊరక కాదు.

మఱునాడు, 26వ తేదీ యుదయమున, ఇంజను పలికెను. హార్మను మూడవ క్షతగాత్రుని తెచ్చి దిబ్బమీద దింపెను. చివరకు హ్లడోవ్‌చాక్ మిగిలెను; తన విమానమున ఎక్కినవారందరు పోయినపిమ్మట తాను పోవుట విమానము నడపువాని ధర్మము, అది యతడు పాటించెను. అతనిని ఎక్కించుకొని లేచుచుండగా చెట్లమాటునుండి సాయుధులు కొందరు యంత్రమువైపు పరుగెత్తి వచ్చిరి. జపానువారు పట్టుకొనవచ్చిరని తలచి హార్మను ఉన్న శక్తి నంతయు వినియోగించి పైకి లేపుకొనిపోయెను. తరువాత విచారింపగా వారు శత్రువులు కారు, ఆ నలుగురిని కాపాడుటకు కాలినడకను వచ్చిన చిండిట్లేనట! రెండునాళ్లుగా బిగిసియున్న కథలో ఈ చిన్న నవ్వును విధియే కూర్చినది.

యుద్ధభూమిలో హెలికాప్టరు మనుష్యులను కాపాడిన మొదటి సందర్భముగా దీనిని చరిత్రకారులు గణించుచున్నారు. హార్మనునకు అమెరికా ప్రభుత్వము డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అను పతకమునిచ్చి గౌరవించెను. యుద్ధానంతరము అతడు సంగీతమునకే తిరిగిపోయెను. న్యూయార్క్ టైమ్స్ పత్రికయందును, టైమ్ వారపత్రికయందును సంగీతవిమర్శకుడుగా నుండెను. 2007లో గతించెను.

ఇదంతయు గుడ్డరెక్కల కాలపు మాట, నేటి యంత్రములకు ఈ బాధ లేదని మీరనవచ్చును. నా శిష్యునితో నేనును అంటిని. దానికి వాడు మన దేశమున 1992లో జరిగిన సంగతి చెప్పెను. హిమాచలప్రదేశములోని పర్వానూ కడ లోయకు అడ్డముగా కట్టిన టింబర్ ట్రెయిల్ తీగెబాటమీద ఆ యేడు అక్టోబరు 13న లాగుడుతీగె తెగి, యాత్రికులున్న పెట్టె లోయనడుమ వ్రేలాడుచు నిలిచిపోయెను. పెట్టెలోని పనివాడు దూకి మరణించెను. తక్కినవారిని తెచ్చుటకు వాయుసేన ఎంఐ-17 హెలికాప్టరును పంపెను. దానికి ఒక్కొక్కటి 1900 అశ్వశక్తి మించిన ఇంజనులు రెండు. రెక్కల చక్రము సుమారు 70 అడుగులు. శక్తికి కొదువ లేదు. కాని ఆ శక్తియే క్రొత్త చిక్కు తెచ్చినది. అంత బరువు నిలుపుటకు క్రిందికి త్రోయు గాలి పెనుగాలియై, వ్రేలాడు పెట్టెను ఊయలవలె ఊపును. ప్రక్కనే తీగెలున్నవి, రెక్క తీగెను తాకినచో అంతటితో సరి. నడపినవాడు ఫాలీ హోమీ మేజర్. తాడుపట్టుకొని పెట్టెలోనికి దిగినవాడు పారా దళపు మేజర్ ఇవాన్ జోసెఫ్ క్రాస్టో. ఒకనికి మేజర్ ఇంటిపేరు, రెండవవానికి ఉద్యోగపు పేరు, వినువారు తికమకపడవలదు.

క్రాస్టో ఒక్కొక్కరిని కట్టి పంపగా పైవారు లాగికొనిరి. కొందరు వచ్చులోపలనే చీకటి పడెను. ఇచ్చటను అదే ప్రశ్న, అదే సమాధానము: తీగె కనబడనప్పుడు దాని ప్రక్కన నిలుచుట పనికిరాదు. హెలికాప్టరు వెడలిపోయెను. క్రాస్టో మిగిలినవారితో ఆ వ్రేలాడు పెట్టెలోనే రాత్రి గడపెను. తెల్లవాఱగనే యంత్రము మఱల వచ్చెను. మొత్తము పదిమంది దక్కిరి. క్రాస్టోకు కీర్తిచక్రమును, మేజరునకు శౌర్యచక్రమును లభించినవి. ఆ మేజరు 2007లో భారత వాయుసేనకు అధిపతి యయ్యెను. హెలికాప్టరు నడపువారిలోనుండి ఆ పదవి నందిన మొదటివాడతడే.

ఈ సంగతులన్నియు తెలిసిన మఱునాడు ప్రక్కయింటి బాలుని పిలిచితిని. ముసలమ్మయు గుమ్మమున కూర్చుండియుండెను. వరదనాడు నేనన్నది తప్పనియు, ఆ హెలికాప్టరు వెడలిపోవుట ప్రాణభీతిచేత గాదనియు, మా మేడలమీద ఆదరువు లేని గాలిలో అంతసేపు నిలుచుటయే దానికి భారమనియు చెప్పి, నిలువీత సంగతియు, ఇసుకదిబ్బ సంగతియు వివరించితిని. వాడు సాంతము విని, "అయినా ఆ రోజు సాయంత్రం అది మళ్ళీ వచ్చింది కదా తాతగారూ, మీరే కదా అందుకున్నారు?" అనెను.

వచ్చిన మాట నిజము. ప్రొద్దు వాలి ఎండవేడి తగ్గినవేళ వచ్చినది. మా మేడమీద పులిహోర పొట్లములు మూడు, నీళ్ల సీసాలు రెండు పడినవి. మొదటి పొట్లము ముసలమ్మకే ఇచ్చితిమి.